మా కారు ఆగే మలుపు

మా చిన్నప్పుడు... మారేడ్‌పల్లిలో మా ఇంట్లో భోజనాల బల్ల మీద కొన్నాళ్ళపాటు అన్నం గిన్నెల పక్కనే ఒక కారు ఇంజిన్ పైభాగం ఉండేది. సిలిండర్ హెడ్ అంటారు. కింద పాత దుప్పటి, చుట్టూ ఆకురాళ్ళు, ఉప్పు కాగితాలు, ఓ సత్తు గిన్నెలో కిరసనాయిలు... పప్పు గిన్నె పెట్టడానికి చోటు వెతుక్కుంటూ అమ్మ, "ఇది ఇల్లా, షెడ్డా?" అని సణిగేది. నాన్న వినపడనట్టు నవ్వేవాడు.

ఇదంతా ఎందుకంటే... మాకో ముసలి తెల్లకారు ఉండేది. ఎన్ని చేతులు మారి మా దగ్గరికి వచ్చిందో దానికే తెలియదు. ఏటా దసరా సెలవుల్లో అందరం అందులో ఇరుక్కుని అనంతగిరి గుట్టకి వెళ్ళేవాళ్ళం. ఊళ్ళో బాగానే నడిచేది. గుట్ట సగం ఎక్కేసరికి, సీతాఫలం చెట్లున్న ఒక మలుపు దగ్గర, ఆవిర్లు కక్కుతూ ఆగిపోయేది.

అందరం దిగాల్సిందే. అమ్మమ్మ తన ఇత్తడి మరచెంబు కిందికి దించేది... సగం నీళ్ళు మనుషులకి, సగం కారుకి. అది చల్లారేదాకా ఆ చెట్ల కింద నిమ్మకాయ పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు. అమ్మమ్మ ఓ కీర్తన అందుకుంటే అమ్మ రెండో గొంతు కలిపేది. తర్వాత తాతయ్య చొక్కా చేతులు మడిచి, "పట్టుండ్రి!" అని కేకేసి అందరికంటే ముందు కారు మీద చెయ్యి వేసేవాడు. తోసుకుంటూ మలుపు దాటించేవాళ్ళం.

ఒక ఏడు ఎండాకాలంలో అమ్మమ్మ పోయింది. వానలు మొదలయ్యాక తాతయ్య జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిస్తే అదే గొప్ప. అయినా అమ్మ గుట్ట మాట ఎత్తింది.

"మీరు పోయి రాండ్రి బిడ్డా," అన్నాడు తాతయ్య. "మీరంతా తోస్తుంటే నేను లోపల నవాబు లెక్క కూసుంటనా? నాతోని కాదు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. మా నాన్నది కాకినాడ. మావగారి ముందు గొంతు పెంచి ఎరగడు. ఆ రోజు మాత్రం, "ఈసారి ఎవరూ దిగక్కర్లేదండీ మావయ్యగారూ... నేను చూసుకుంటాను," అనేశాడు. మర్నాడే హెడ్ విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇంజిన్ ఊపిరి పీల్చేదీ వదిలేదీ ఇందులోంచేనమ్మా," అని నాకు చెప్పేవాడు. "దారులు ఇరుగ్గా ఉంటే దానికి ఆయాసం. వెడల్పు చేసి నున్నగా చేశామనుకో... ఇంక పరుగే!"

ఆఫీసు నుంచి రాగానే ఆకురాయి పట్టేవాడు. రాణీగంజ్‌లో తెలిసిన లేత్ షాపులో పెద్ద వాల్వులు వేయించాడు. హెడ్ అడుగుభాగం కాస్త చెక్కించాడు. రేడియేటర్ కడిగించాడు. సిరంజితో కిరసనాయిలు పోసి దాని కిందున్న నాలుగు గుంటల్లోనూ ఒకే కొలత పట్టేదాకా వదల్లేదు. తన వేలు దూరని చోట నా వేలు పెట్టించేవాడు. నేను కళ్ళు మూసుకుని లోపలంతా తడిమి, "ఇక్కడ ఇంకా గరుకుంది నాన్నా," అనేదాన్ని. చివరికి ఆ దారులు చింతపిక్కలా నున్నబడ్డాయి... ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ చల్లదనం వేలికి తగులుతుంది.

మళ్ళీ బిగించాక కారు గొంతే మారిపోయింది. నెమ్మదిగా పోనిస్తే దగ్గేది. సిగ్నల్ దగ్గర ఆపితే ఆరిపోయేది. కానీ కాలు నొక్కితే... అబ్బో!

దసరా సెలవులొచ్చాయి. తాతయ్యని బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టాం. మరచెంబు అమ్మ ఒళ్ళో ఉంది. గుట్ట మొదలవగానే నాన్న గేరు తగ్గించి కాలు నొక్కాడు. కారు గర్జించింది... ఎండ, నీడ, మళ్ళీ ఎండ, మళ్ళీ నీడ... కలలో తేలిపోతున్నట్టుంది. నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను. మలుపు వచ్చింది, పోయింది. ఎక్కడా ఆగకుండా పైకి చేరిపోయాం.

నాన్న వెలిగిపోతున్న మొహంతో తాతయ్య వైపు తిరిగాడు.

"మస్తుగెక్కింది అల్లుడూ," అన్నాడు తాతయ్య. వెనక్కి తిరిగి చూసి, "గానీ... ఆ మలుపే సక్కగ కానరాలే. మీ అత్తమ్మ కూసునే చెట్టు సూద్దామనుకున్న. జర్రున పోయింది."

నాన్న మొహం వాడిపోయింది. అమ్మ మరచెంబు మూత ఊరికే తిప్పుతూ కూర్చుంది. నాకైతే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ అంత నున్నగా చేసింది ఆ చోటుని దాటేయడానికేనా అనిపించింది.

సాయంత్రం దిగుతున్నాం. దిగుడులో ఇంజిన్‌కి పనేముంటుంది... కారు హాయిగా జారుతోంది. సీతాఫలం చెట్లు రాగానే నాన్న పక్కకి తీసి ఆపాడు. దిగి బానెట్ ఎత్తి పెట్టాడు. ఆవిరి లేదు, పొగ లేదు.

"కొంచెం వేడెక్కినట్టుందండీ మావయ్యగారూ. చల్లారేదాకా ఆగాలి."

తాతయ్య నాన్న మొహంలోకి చూశాడు. "ఎక్కుతది మరి, ముసలి బండి గదా... ఆగుదాం అల్లుడూ, ఆగుదాం."

నాన్న భుజం పట్టుకుని తాతయ్య ఆ చెట్టు కిందికి వెళ్ళి కూర్చున్నాడు. అమ్మ మరచెంబులోంచి మా అందరికీ నీళ్ళు పోసి, అలవాటుగా సగం కారుకి ఉంచింది. అమ్మమ్మ పాడే కీర్తన ఈసారి తాతయ్య అందుకున్నాడు. అమ్మ రెండో గొంతు కలిపింది.

బయల్దేరే ముందు తాతయ్య కర్ర నా చేతికిచ్చాడు. రెండు చేతులూ కారు వెనక ఆనించి, "పట్టుండ్రి!" అన్నాడు. నాన్న వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇంజిన్ వేయలేదు. బ్రేకు వదిలీ వదలకుండా, తాతయ్య అడుగు పడినంత మేరకే కారుని కదలనిచ్చాడు.

మొన్న మా పిల్లలతో అదే గుట్ట ఎక్కాను. చల్లగా ఏసీ, మెత్తగా పాటలు, చప్పుడు లేని కారు... ఎక్కడా ఆగలేదు. ఆ మలుపు ఏదో పోల్చుకునేలోపే పైకి వచ్చేశాం. ఇప్పటి బండ్లకి ఆయాసం రాదు కదా...

మీ ఇంటి పాత బండి ఎప్పుడూ ఎక్కడ మొరాయించేది? ఆ చోటు పేరు కింద రాయండి... అందరం కాసేపు అక్కడ ఆగుదాం.