కిటికీలో పాకిన తీగ

ఒక ఇంట్లో, మధ్యాహ్నం భోజనం డబ్బాలో దొరికిన ఉడికిన గింజ ఒకటి మట్టిలో పడి మొలకెత్తింది. మొలకెత్తి ఊరుకోలేదు. తీగ సాగి, కిటికీ ఊచలు వంచి, పై అంతస్తువాళ్ళ ఇంట్లో దూరి, వాళ్ళ మంచం కోడుకు చుట్టుకుంది. సరే, మంచం మాట వదిలేయండి. ఊచలు కూడా వంగలేదు. కానీ ఉడికిన గింజ మొలకెత్తిందని మాత్రం ఆ ఇంటి ఇల్లాలు చాలా రోజులు నిజంగానే నమ్మింది. నమ్మి, ఆ దిగులుతో సగమైపోయింది.

ఆవిడను అందరూ బొత్తాలమ్మ అనేవారు. చొక్కాలు కుట్టే కార్ఖానాలో బొత్తాలు కుట్టేది. పొద్దున్నే ఆవిడ చెయ్యి పడాల్సినవి నాలుగు భోజనం డబ్బాలు. భర్త ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు తనిఖీ చేసే మనిషి. అత్తగారు రైల్వేస్టేషనులో ప్రయాణికుల సామాను భద్రపరిచే గదిలో పని చేసేది. కూతురు బడికి వెళ్ళేది. నాలుగోది తనకి. ఈ నలుగురి నాలుకలూ నాలుగు దిక్కులు. అత్తగారికి పళ్ళు లేవు, మెత్తగా ఉండాలి. భర్తకి రొట్టె మధ్యలో ఏదైనా పెట్టి ఇవ్వాలి. పిల్లకి తీపి లేనిదే ముద్ద దిగదు.

వీటన్నిటికీ బొత్తాలమ్మ కనిపెట్టిన మందు ఒక్కటే. గుమ్మడికాయ. బజారులో అంతకన్నా చవకైనది లేదు, అంతకన్నా నోరు మెదపకుండా చెప్పినట్టు వినేదీ లేదు. పొద్దున్నే ఒకే గిన్నెలో ఉడికించేది. కొంత మెత్తగా చిదిమి, మిరియాలు చల్లి, అత్తగారి డబ్బాలో పోసి 'క్యారెట్ సూపు' అనేది. కొంత పలుచని ముక్కలుగా కోసి రొట్టెల మధ్య పెట్టి భర్తకిచ్చి 'చిలగడదుంప' అనేది. మిగిలినదాన్ని చక్కెరలో దగ్గరపడేదాకా ఉంచితే, అది పిల్ల రొట్టె మీద 'బొప్పాయి జాము' అయ్యేది. ఒక గిన్నె, ఒక పొయ్యి, మూడు పేర్లు. నలుగురూ బయటికి వెళ్ళేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది.

ఇంతచేసీ ఈ దొంగతనం దేనికంటే, ఆ ఇంట్లో గుమ్మడికాయ పేరెత్తకూడదు. అత్తగారు ఆ కాయ చూస్తేనే కడుపులో తిప్పుతుందనేది. భర్త ఇంకో మెట్టు పైన.

"అది పశువుల మేత. మేమెంత ఇబ్బందుల్లో ఉన్నా మా అమ్మ దాన్ని గడప తొక్కనివ్వలేదు. నా డబ్బాలో ఎప్పుడైనా అది కనిపించిందా, ఆ రోజు నుంచి నేను హోటల్లోనే తింటాను. ఇంటి డబ్బా మళ్ళీ ముట్టను."

అతను అన్నంత పనీ చేసే మనిషి. హోటలు భోజనం మొదలైతే ఆ ఇంట్లో నెల మూడో వారానికే పొయ్యి ఆరిపోవాలి. అందుకే కూరగాయలమ్మే ఆవిడ గుమ్మడికాయ చెక్కు తీసి, గింజలు తోడేసి, ముక్కలు కాగితంలో చుట్టి, పైన పాలకూర కప్పి ఇచ్చేది. ఆ సంచి మోసుకొచ్చేటప్పుడు బొత్తాలమ్మ నడక బ్యాంకు దోచుకున్నవాడి నడకలా ఉండేది.

అన్నీ సాఫీగా సాగుతుంటే ఒకనాడు కూరగాయలావిడకి జ్వరం వచ్చింది. కొట్లో వాళ్ళ ఆయన కూర్చున్నాడు. అతని చెయ్యి మొరటు.

ఆ సాయంత్రం భర్త ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే భోజనాల బల్ల మీద ఒక వస్తువు పెట్టాడు. తెల్లగా, చదునుగా, వేలిగోరంత గింజ.

"ఇది చిలగడదుంపలో దొరికింది," అన్నాడు. "దుంపల్లో గింజలు ఎప్పట్నుంచి వస్తున్నాయి?"

బొత్తాలమ్మ చేతిలో గరిట గాల్లోనే ఆగిపోయింది. మీటరు తిరగకుండా అయస్కాంతం పెట్టినవాళ్ళని పట్టుకునే మనిషి. ఆ చూపు ఇంటికి కూడా వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

"అది... కీరదోసది అయ్యుంటుందండీ. చాకుకి అంటుకుని వచ్చుంటుంది."

"కీరదోస గింజ ఇంత ఉంటుందా?"

"కొన్ని ఉంటాయి."

"నాన్నా, అది గుమ్మడి గింజలా ఉంది. మా డ్రాయింగు పుస్తకంలో ఉంది," అంది కూతురు. కన్నబిడ్డ. నోరు మూయించడానికి చెయ్యి అందనంత దూరంలో కూర్చుంది.

అప్పుడు అత్తగారు గింజని అరచేతిలోకి తీసుకుంది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కోడలి ముఖంలోకి చూసింది.

"మాటలెందుకురా. కిటికీలో పగిలిన కూజా ఉంది. అందులో పాతేద్దాం. ఏ మొక్క వస్తే అదే. కాయ కాస్తుందిగా, అదే చెబుతుంది. అప్పటిదాకా ఎవరూ ఎవరినీ ఏమీ అనకండి."

"సరే," అన్నాడు భర్త. "కాయ కాయనీ. అప్పుడు హోటలు సంగతి చూస్తాను."

అతను జీవితంలో మీటరు అంకెలు తప్ప ఏదీ పెరగడం చూసినవాడు కాదు. ఉడికిన గింజ మొలకెత్తదన్న సంగతి అతనికి తట్టలేదు. బొత్తాలమ్మకి తట్టింది. అత్తగారు తన పీక పట్టుకోబోయి పొరపాటున తనని ఒడ్డున పడేసిందని లోలోపల నవ్వుకుంది. అమ్మయ్య, ఆ కూజాలో మట్టి తప్ప ఏమీ కనబడదు అనుకుంది.

తర్వాత ఒక పొద్దున్న రొట్టెలు కోస్తూ కిటికీ వైపు చూసింది. మట్టి పగిలి ఉంది. అందులోంచి రెండు పచ్చని ఆకులు, చేతులు జోడించి దణ్ణం పెడుతున్నట్టు.

చాకు వేలికి తగిలినా ఆవిడకి తెలియలేదు. దగ్గరికి వెళ్ళి చూసింది. వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. కుతకుత ఉడికిన గింజ అది. ఉప్పు కూడా పడింది. చచ్చినవాడు లేచొచ్చి కాఫీ అడిగినా ఆవిడ అంత బిత్తరపోయేది కాదు.

"మొలిచిందే," అన్నాడు భర్త పళ్ళు తోముకుంటూ, తృప్తిగా.

ఆ రోజు నుంచి బొత్తాలమ్మ గుమ్మడికాయ మానేసింది. డబ్బాల్లోకి అసలు సరుకు దిగింది. అసలు క్యారెట్లు, అసలు చిలగడదుంపలు, కొట్లో కొన్న అసలు బొప్పాయి జాము. సంచి తేలికై, పర్సు అంతకన్నా తేలికైంది. ఇంతా చేస్తే వచ్చిన మెప్పు ఇది:

"ఏమోయ్, ఈ చిలగడదుంప ఎక్కడ కొన్నావు? ఎవడో మోసం చేశాడు నిన్ను. ఇది చిలగడదుంప కాదు. చిలగడదుంప రుచి నాకు తెలీదా."

"అమ్మా, ఈ జాము బొప్పాయిది కాదు," అంది కూతురు.

అత్తగారు సూపు డబ్బా సగం మిగిల్చి తెచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, మొక్కకి నీళ్ళు పోసేది. అది ఊచలు పట్టుకుని పైకి పాకింది. గరుకు ఆకులు, నులితీగలు. పసుపు పువ్వులు రాగానే బొత్తాలమ్మకి అన్నం సహించడం మానేసింది. పువ్వు తర్వాత పిందె. పిందె తర్వాత హోటలు.

ఆదివారం పొద్దున్న ఇంకా ఎవరూ లేవకముందు, బొత్తాల దారం కోసే చిన్న కత్తెర పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. కాడ మొదలు వెతికి కత్తెర తెరిచింది.

"కత్తెర లోపల పెట్టు," అంది అత్తగారి గొంతు, వెనక కుర్చీలోంచి.

బొత్తాలమ్మ కత్తెరని కొంగులో దాచుకుంది.

"అత్తయ్యా, నేను ఎండుటాకులు..."

"దాన్ని కోసేస్తే మీ ఆయనకి సాక్ష్యం నువ్వే ఇచ్చినట్టు. ఏం తొందర? రెండు రోజులాగు. కీరదోసకాయ కాస్తుంది."

"కీరదోసా?"

"మరేం కాస్తుంది, కీరదోస గింజ పాతితే. వాడు స్నానానికి వెళ్ళగానే నీ గింజ తీసేసి అది పెట్టాను. మా స్టేషను ఎదురుగా విత్తనాల కొట్టుంది. కిందటి వేసవిలో కొన్న పొట్లం నా పెట్టెలోనే ఉంది. ఈ రెండింటి ఆకులూ ఒక్కలాగే ఉంటాయి, నీకూ తెలీలేదు, వాడికేం తెలుస్తుంది."

బొత్తాలమ్మ కింద కూర్చుండిపోయింది.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు అత్తయ్యా?"

"మొదటి సూపు నుంచి. క్యారెట్లు ఆ రంగులో ఉంటే క్యారెట్లే నవ్వుతాయి."

"మరి మీకు అది చూస్తేనే కడుపులో తిప్పుతుందని..."

"ఊరుకో అమ్మాయ్. వాడికి పాలు మానిపించిన దగ్గర్నుంచీ నేను పెట్టి పెంచింది అదే. వాళ్ళ నాన్న జీతం ఎంతని. అప్పుడు కూడా చిలగడదుంపే అనేదాన్ని. వీడు పుట్టుకతోనే తనిఖీదారు, ఒకసారి అనుమానపడ్డాడు. అప్పట్నుంచి రోజూ వాడి ముందు, అబ్బే గుమ్మడికాయా, నేను ముట్టను, అనడం మొదలుపెట్టాను. ముట్టనన్న మనిషి గిన్నెలో ఎవరూ వెతకరు. వాడు నా మాట నమ్మి పశువుల మేత అని దానికి తోక తగిలించాడు. అది నేను నేర్పింది కాదు."

బొత్తాలమ్మ ఇన్నాళ్ళూ ఎవరికి భయపడి పాలకూర కింద దాచి తెచ్చిందో, ఆ మనిషే ఆ విద్యకి మొదటి గురువు.

"ఇంతకీ ఆ గింజ ఏం చేశారు?"

"ఒలుచుకుని తినేశాను. గుమ్మడి గింజ ఎవరైనా పారేస్తారా?" అంది అత్తగారు. "రేపట్నుంచి నువ్వు కూడా అను, ముట్టనని. వాడికి వినబడేలా. ఇంక ఆ అసలు క్యారెట్లు కొనకు తల్లీ, నోరు చచ్చిపోయింది."

రెండు రోజులన్నది వారం పట్టింది గానీ, తీగకి పచ్చగా, పొడుగ్గా, నిఖార్సైన కీరదోసకాయ వేలాడింది. భర్త దాన్ని కోసి, చక్రాలుగా తరిగి, ఒక ముక్క నమిలి, పళ్ళెం భార్య వైపు జరిపాడు.

"నిన్ను అనుమానించాను," అన్నాడు భార్యతో. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆ నోటి నుంచి అంతకుముందు ఎవరూ వినలేదు. "ఆ పాత చిలగడదుంపలు ఎక్కడ కొనేదానివో, మళ్ళీ అక్కడే కొను."

"గుమ్మడికాయలమ్మే కొట్టు పక్కనేనండీ. ఆ వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది. అయినా మీకోసం వెళ్తాను," అంది బొత్తాలమ్మ.

అత్తగారు దగ్గింది. నవ్వు ఆపుకోవడానికి కాదంటారు.

ఇప్పుడు బొత్తాలమ్మే అమ్మమ్మ. అత్తగారి పళ్ళు లేని నవ్వు ఆవిడకే వచ్చింది. కూతురు ఉద్యోగానికి పరుగెడితే, అల్లుడి డబ్బా, మనవడి డబ్బా ఆవిడే సర్దుతుంది. మొన్న వాళ్ళింట్లో అందరి ముందూ నేను ఈ కథ వినిపిస్తే, ఆవిడ రొట్టె మధ్యలో ఏవో పసుపుపచ్చని ముక్కలు పేరుస్తూ, తలైనా ఎత్తలేదు.

"అన్నీ కోతలు," అంది. "మా కిటికీలో కూజా లేదు, తీగా లేదు. మా అత్తగారు గుమ్మడికాయ ముట్టి ఎరగరు. నేనూ ముట్టను. మా ఇంటి గడప అది ఎన్నడూ తొక్కలేదు."

డబ్బా మూత గట్టిగా నొక్కి, అల్లుడి చేతికిచ్చింది.

"చిలగడదుంప బాబూ. చల్లారకముందే తినేయ్."