డారెల్ వోసికా కుడి మోకాలు

మా నెబ్రాస్కా ఊళ్ళో మగవాడనేవాడు బడిలో చేత్తో బంతి పట్టి ఆడిన అమెరికా ఫుట్‌బాల్ ఆట గురించి చెప్పకుండా కాఫీ ముగించడు. ఆ జబ్బే డారెల్ కొంప ముంచబోయింది.

నేను నేషనల్ గార్డు అనే పార్ట్‌టైం సైన్యపు లారీ దళంలో గుమాస్తా సార్జెంటుని. అందరి కాగితాలూ నా చేతి మీదుగానే పోయేవి. డారెల్ పద్నాలుగేళ్ళు మా లారీ తోలాడు. మామూలు రోజుల్లో ధాన్యం గాదెల దగ్గర పని, నెలకో శని ఆదివారాలు యూనిఫారం. ఏడాదికని కువైట్ పంపినప్పుడు లారీ మీంచి దూకి కుడి మోకాలు పాడుచేసుకున్నాడు. అక్కడి వైద్యుడు కట్టు కట్టి, రెండు మాత్రలిచ్చి, చీటీ రాశాడు. తిరిగొచ్చేటప్పుడు ‘ఏమైనా బాధలున్నాయా’ అన్న కాగితం మీద డారెల్ అందరిలాగే ‘లేవు’ అని గీకేశాడు. ఉన్నాయన్నవాణ్ణి ఇంకో వారం అక్కడే కూర్చోబెడతారు మరి! గేటు బయట పెళ్ళాం నిలబడి ఉంటే ఎవడంటాడు ఉన్నాయని?

ఏడేళ్ళకి మోకాలు పూర్తిగా చెడింది. ఇక సైన్యానికి పనికిరావన్నారు. కొలువులో తగిలిన దెబ్బైతే పింఛనూ, భార్య మార్లిస్ కిడ్నీల వైద్యానికి బీమా వస్తాయి. అంతకుముందే ఉన్నదైతే, కొలువు వల్లే ముదిరిందని తేలితే తప్ప, ఏమీ రాదు. ముందే ఉన్నదని తీర్పొచ్చింది. ఎందుకా అని ఫైలు తిరగేశాను. సైన్యం డాక్టరు రాసిన వాక్యం కనిపించింది: ‘బడిలో ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు విరిగిందని రోగి చెప్పాడు.’

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఒరే, డాక్టరు దగ్గర కూడా ఆ పురాణం విప్పావా?”

“ఎప్పట్నుంచీ నొప్పి అనడిగాడు, సార్జెంటమ్మా. అలవాటుగా నోరు వాగేసింది.”

“అప్పుడు ఏ ఆసుపత్రిలో చూపించుకున్నావు?”

తల వంచుకున్నాడు. “ఎక్కడా లేదు. అసలు దెబ్బే తగల్లేదు.”

ఆ పురాణం ఊరందరికీ కంఠోపాఠం. ఫైనల్లో డారెల్ మోకాలు పట్టుకుని కూలిపోయాడు, బదులుగా దిగిన గేలెన్ ప్రోకప్ చేతికొచ్చిన చివరి బంతి జారవిడిచాడు, మేం ఓడిపోయాం. డారెల్ ఇప్పుడు ఒప్పుకున్న నిజమేమిటంటే, అప్పటికే రెండు బంతులు వదిలేసిన తను మూడోది వస్తుందన్న భయంతో దెబ్బ తగిలినట్టు నటించి పడుకున్నాడు. గేలెన్‌కి మాత్రం ‘నూనెచేతులు’ అన్న పేరు పడింది. ఇరవయ్యారేళ్ళయినా వదల్లేదు.

“అప్పుడు నీ మోకాలు బాగానే ఉందని చూసినవాడెవడైనా ఉన్నాడా?” అన్నాను.

“ఒక్కడే. ఆట అయ్యాక వచ్చిన సోమవారం నాతో గాదె దగ్గర పనిచేసింది గేలెనే.”

“అయితే వెళ్ళి సాక్ష్యం అడుగు.”

“పింఛను పోతే పోనీ. వాడి మొహం ఎలా చూడను?”

“ముందు మార్లిస్ మొహం ఎలా చూస్తావో చెప్పు,” అన్నాను. కారులో కూర్చోబెట్టి నేనే తీసుకెళ్ళాను.

గేలెన్ ట్రాక్టరు కింద ఉన్నాడు. డారెల్ నిలబడే అంతా చెప్పేశాడు. గేలెన్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“ఆ సోమవారం నువ్వు గాదె నిచ్చెన ఎక్కడం చూశాన్రా,” అన్నాడు. “విరిగిన కాలితో ఎక్కుతున్నాడు, ఏం గుండెరా వీడిది అనుకున్నాను. మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానో!”

డారెల్ ఏడ్చాడు. తిట్టమన్నాడు, కొట్టమన్నాడు. గేలెన్ నన్ను కలం అడిగాడు. ఆట అయిన మూడో రోజున డారెల్ నలభై అడుగుల నిచ్చెన రెండుసార్లు ఎక్కి దిగాడని, కుంటలేదని రాసి సంతకం పెట్టాడు.

అప్పీలు విచారణలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. “మరి ఆట రోజు ఏం జరిగింది?” అనడిగారు. “భయపడ్డాను సార్,” అన్నాడు డారెల్. కువైట్ చీటీ, గేలెన్ సాక్ష్యం పక్కపక్కన పెట్టి చూశారు. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. నలభై శాతం వైకల్యం, శాశ్వత విరమణ, పింఛను. మార్లిస్ నన్ను కావలించుకుని వదల్లేదు.

ఆ ఉత్తరం గేలెన్‌కి చూపించాలన్నాడు డారెల్. వెళ్ళాం. గేలెన్ ఆసాంతం చదివి, మడిచి, తిరిగిచ్చాడు.

“మార్లిస్‌కి మంచిదైంది,” అన్నాడు. “నేను మళ్ళీ బంతి ముట్టుకోలేదురా. మా వాడు చిన్నప్పుడు ఆడదాం రా నాన్నా అని ఎన్నిసార్లు పిలిచాడో. ఒక్కసారి కూడా వెళ్ళలేదు.”