ఇదిగో వస్తున్నానన్న వోఫా బడూ

వోఫా బడూ "ఇదిగో, వస్తున్నా" అన్నాడంటే ఆయన వెళ్ళిపోతున్నాడని అర్థం. మళ్ళీ ఎప్పుడొస్తాడని మాత్రం అడక్కూడదు. అది ఆయనకీ తెలియదు, ఆయన్ని పుట్టించిన దేవుడికీ తెలియదు.

ఘనాలో పదో కాన్పున పుట్టినవాడికి బడూ అని పేరు పెడతారు. అంటే ఈయన భూమ్మీదికి రావడమే తొమ్మిదిమందిని ముందు పంపించి, తాపీగా వచ్చాడన్నమాట. వోఫా అంటే మేనమామ. టోక్యో పక్కన సోకాలో ఉన్న ఘనావాళ్ళందరికీ ఆయన మేనమామే. ఎప్పుడో కుర్రతనంలో వచ్చి, ఇనుప రేకులు వంచే ఫ్యాక్టరీలో కూలీగా చేరి, ఇవాళ సొంత కార్ల షెడ్డు పెట్టాడు. గోడమీద సర్కారువారి మెకానిక్ లైసెన్సు, దాని పక్కన ఘనా సంఘం అధ్యక్షుడిగా వేసిన దండతో ఫోటో. "ఇన్ని సంపాదించాడు గానీ ఒక్క గడియారం సంపాదించుకోలేకపోయాడు మహానుభావుడు" అంటుంది సంఘం కార్యదర్శి సెర్వా.

సెర్వా నర్సు. జపనీ భాషలో పరీక్ష రాసి నెగ్గిన నర్సు. వారమంతా ఆసుపత్రిలో రోగుల కోసం నిలబడుతుంది, ఆదివారం హాల్లో వోఫా కోసం నిలబడుతుంది.

"నా కాళ్ళు రెండూ జీతం లేకుండా నీ దగ్గర కొలువు చేస్తున్నాయి వోఫా" అనేది.

"కూర్చోవమ్మాయ్, ఎవరొద్దన్నారు? ఇదిగో, వస్తున్నా" అనేవాడు. అని, పోయేవాడు.

ఒకసారి ఘనా స్వాతంత్ర్య దినం. మార్చి నెల, ఎముకలు కొరికే చలి. వోఫా జెండా తాడు పట్టుకుని సగం దాకా లాగాడు. ఫోను మోగింది. "అమ్మాయ్, ఇది పట్టుకో, ఇదిగో వస్తున్నా" అని తాడు సెర్వా చేతిలో పెట్టి నడిచాడు. అధ్యక్షుడు లేకుండా జెండా పైకి వెళ్ళకూడదు, కిందికి దింపితే అపశకునం. వేళ్ళు కొయ్యబారిపోయినా ఆమె అలాగే పట్టుకు నిలబడింది. సగంలో ఆగిన జెండా చూసి దారినపోయే జపనీ పెద్దాయన ఒకాయన టోపీ తీశాడు.

"పాపం, పోయిందెవరండీ?" అనడిగాడు.

"మా అధ్యక్షుడండీ. ఇంకా పోలేదు. ఇవాళ నా చేతుల్లో పోతాడు" అంది సెర్వా.

ఇంకోసారి పెళ్ళిలో ఉంగరాలు ఆయన జేబులో ఉన్నాయి. పాస్టరుగారు "ఉంగరాలేవీ?" అన్న సమయానికి ఆయన లేడు. పెళ్ళికొడుకు చెయ్యి చాచి నిలబడ్డాడు, పెళ్ళికూతురు వేలు చాచి నిలబడింది, అత్తగారు నోరు తెరిచి నిలబడింది. పాటలవాళ్ళు తెలిసిన పాటలన్నీ పాడేసి, తెలియనివి కూడా మొదలుపెట్టారు. చివరికి వోఫా చొక్కా చేతులు తడిసి, మోకాళ్ళకి బురదతో వచ్చి, "ఏమిటలా చూస్తారు? వస్తున్నానని చెప్పే వెళ్ళానుగా?" అని ఎదురు కసిరాడు. ఎక్కడికి వెళ్ళావయ్యా అంటే చెప్పడు. నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే తిట్టబుద్ధి కాదు, ఆ నవ్వు దాటిపోయాక తిట్టుకుని లాభం లేదు.

దీనికి తోడు ఆయన జపనీ ఒకటి. మనం గుమ్మం దిగుతూ "వస్తానండీ" అంటే ఎవరూ తలుపు తీసుకుని కూర్చోరు. ఘనాలోనూ అంతే. జపాన్‌లో అలా కాదు, అక్కడ వస్తానంటే వస్తాననే అర్థం. వోఫా మాత్రం తన ఊరి మాటని అక్షరం పొల్లుపోకుండా జపనీలోకి దింపి, ప్రతి గుమ్మం దగ్గరా "వస్తున్నా" అని చెప్పి వెళ్ళిపోయేవాడు.

"అలా అనకూడదు వోఫా. ఒకరింటి నుంచి బయల్దేరేటప్పుడు 'మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను' అనాలి. అదీ ఇక్కడి మర్యాద" అని సెర్వా నేర్పించింది. ఆయన చేత పలికించింది కూడా. చక్కగా పలికాడు. "భేష్, వచ్చేసింది" అంది సెర్వా. "ఇదిగో, వస్తున్నా" అని ఆయన వెళ్ళిపోయాడు.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ ఏడాది శీతకాలంలో సెర్వాకి నవ్వే ఓపిక లేకపోయింది. ఘనాలో, కుమాసీలో వాళ్ళమ్మ చనిపోయింది. సెలవు దొరికి, టికెట్టు దొరికేలోపల అన్నీ అయిపోయాయి. ఇల్లు వదిలి విమానం ఎక్కేనాడు "ఇదిగో, వస్తున్నానమ్మా" అని చెప్పి వచ్చింది. ప్రతి ఏడూ ఈ ఏడు వెళ్దాం, ఈ ఏడు వెళ్దాం అనుకుంది. అమ్మ ఎదురుచూసి ఎదురుచూసి పోయింది. అప్పట్నుంచి ఆ మాట ఎవరి నోట విన్నా సెర్వాకి ఒళ్ళు మండేది.

అక్కడికి వెళ్ళలేకపోయినా, ఇక్కడైనా నలుగురినీ పిలిచి, నల్లబట్టలు కట్టి, డప్పులు వాయించి అమ్మని సాగనంపాలని ఆమె ఆశ. ఘనావాళ్ళకి చావంటే అలా ఊరంతా వచ్చి సాగనంపాల్సిందే. రాబోయే శనివారం పెట్టుకున్నారు. చోటేమో వీధి సంఘంవారి హాలు. సరిగ్గా అప్పుడే ఆ వీధి సంఘం, ఘనావాళ్ళకి ఇక హాలు ఇవ్వాలా వద్దా అని ఆదివారం పది గంటలకి మీటింగు పెట్టింది.

ఫిర్యాదులు చాలా ఉన్నాయి. డప్పుల మోత, వేపుడు చేపల వాసన, గుమ్మంలో చెప్పుల గుట్ట. అన్నిటికన్నా పెద్దది, ఇచ్చిన టైముకి ఎప్పుడూ ఖాళీ చెయ్యరని. ఎలా చేస్తారు? మొదలైతేగా ముగిసేది! వీధి సంఘం పెద్ద హాతోరి గారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. రైలు అర నిమిషం ఆలస్యమైతే దేశానికి క్షమాపణ చెప్పుకున్న రకం.

"వోఫా, నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్కరోజు టైముకి రా. మా అమ్మ పని ఇది" అంది సెర్వా.

ఆయన నవ్వలేదు. "వస్తానమ్మాయ్" అన్నాడు.

వచ్చాడు! నమ్మండి, నమ్మకపోండి, ఆదివారం హాతోరి గారు తాళం తీసే సమయానికి వోఫా గుమ్మంలో ఉన్నాడు. సూటు, టై, పాలిష్ చేసిన బూట్లు. హాతోరి గారు గడియారం చూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఆడుతోందో లేదో చూసుకున్నారు. సెర్వాకి కళ్ళనీళ్ళొచ్చినంత పనయింది.

పదికి కాస్త ముందు వోఫా ఫోను మోగింది. విన్నాడు. ముఖం మాడిపోయింది. సగం ఖాళీగా ఉన్న కుర్చీలకేసి చూశాడు, నుదురు కొట్టుకున్నాడు.

"అమ్మాయ్..."

"అనకు! ఆ మాట అనకు వోఫా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"ఇదిగో, వస్తున్నా" అని ఆయన పరుగెత్తాడు.

సెర్వా కుర్చీలో కూలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. వచ్చినవాళ్ళలో డప్పుల మీద కోపమున్నవాళ్ళు, చేపల మీద కోపమున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ కనబడలేదు. పది కొట్టింది. "మీ అధ్యక్షుడు?" అన్నారు హాతోరి గారు.

"వస్తున్నానని చెప్పి వెళ్ళారండీ" అంది.

"వస్తే కనబడాలి కదండీ. సరే, ఓటుకి పెడదాం."

ఆమెకి ఏం తోచిందో, లేచి నిలబడింది. "మా ఆచారం ప్రకారం ముందు పలకరింపులు కావాలండీ. పలకరించకుండా మాట్లాడితే పెద్దల్ని అవమానించినట్టు" అంది. కుడివైపు చివరనుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఊపుతూ, ఇంట్లోవాళ్ళ క్షేమం, మోకాళ్ళ నొప్పుల క్షేమం, కుక్కపిల్ల క్షేమం అడుగుతూ ఎడమవైపు చివరికి చేరింది. నర్సు కదా, ఎవరి నొప్పి ఎక్కడో చూస్తూనే తెలుస్తుంది. చేపలవాసన అన్న ఆవిడ తన బీపీ సంగతి ఎత్తుకుంది.

"అయిందా అండీ?" అన్నారు హాతోరి గారు.

"సగం అయిందండీ. ఇప్పుడు నేను కూర్చుంటాను. మీరందరూ వరసగా లేచి వచ్చి నన్ను పలకరించాలి. లేకపోతే నా పలకరింపు మీరు తీసుకోనట్టు."

జపనీవాళ్ళు మర్యాదకి చచ్చిపోతారు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని లేచారు. వరసకట్టి వచ్చి వంగి వంగి ఆమెని పలకరించారు. ఆఖరున హాతోరి గారు కూడా వచ్చి, ఏమడగాలో తెలియక, "మీ అమ్మగారు కులాసానా?" అన్నారు.

సెర్వా తల దించుకుంది. ఇక సాగదీయడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. "ఓటు వేసుకోండి" అంది నీరసంగా.

అప్పుడు వినిపించింది బయటినుంచి ఈడ్చుకుంటూ నడిచే చెప్పుల చప్పుడు, కర్రల టకటక. గుమ్మంలో వోఫా. ఆయన చేయి పట్టుకుని, నడుం విల్లులా వంగిపోయిన నెజు బామ్మగారు. వాళ్ళ వెనక ఆ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళందరూ. ఏళ్ళ తరబడి గడప దాటనివాళ్ళు. ఒకరి చేతిలో ఫ్లాస్కు, ఒకరి చేతిలో టీ కప్పులు, ఇంకొకరి చేతిలో బియ్యప్పిండి బిస్కట్ల పళ్ళెం. వోఫా టై ఎక్కడో పోయింది.

"బామ్మగారూ, మీటింగు పదింటికండీ. నోటీసు వేశాం కదా" అన్నారు హాతోరి గారు.

"వేశావు. ఇంటికి వస్తానని చెప్పావా? ఈయన చెప్పాడు. రోజూ వచ్చి బల్బు మార్చో, తూము పొడిచో, ఊరికే కూర్చునో, పోయేటప్పుడు వస్తున్నానంటాడు. మేం టీ పెట్టుకుని కూర్చుంటాం. ఇవాళ రాలేదు, ఫోను చేశాం. వస్తానన్న మనిషి రాకుండా మేం ఇల్లొదిలి ఎలా వస్తాం?" అంది నెజు బామ్మగారు.

"జీవితంలో ఒక్కసారి టైముకి వచ్చాను. అదే తప్పయింది" అన్నాడు వోఫా తల గోక్కుంటూ.

సెర్వాకి అన్నీ ఒక్కసారిగా తట్టాయి. సగం జెండా, తడిసిన చొక్కా చేతులు, మోకాళ్ళ బురద. ఘనా సంఘం ఆదివారాలన్నీ ఈ ముసలివాళ్ళ టీ కప్పుల్లో కరిగిపోయాయన్నమాట.

"మర్యాద మాట నేర్పించాను కదా వోఫా! అది అనుంటే ఈ గొడవే లేదుగా?" అంది.

"నేర్పించావు, నాకూ వచ్చు. కానీ అమ్మాయ్, 'ఇబ్బంది పెట్టాను' అని వెళ్ళిపోతే ఆవిడకి మిగిలేదేమిటి? వస్తున్నానంటే మర్నాడు కెటిల్ పెడుతుంది."

ఓటు సంగతి వేరే చెప్పాలా? ముసలివాళ్ళు కర్రలు ఎత్తారు, కప్పులు ఎత్తారు, బీపీ ఆవిడ కూడా చెయ్యి ఎత్తింది. హాలు ఉంది. శనివారం ఉంది. హాతోరి గారు రాసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వచ్చే ఏడు ఈ కుర్చీలో మీరే కూర్చోవాలి బడూ గారూ" అన్నారు. ఆ తర్వాత ఇంకాస్త నెమ్మదిగా, "మా ఆవిడ పోయాక నేనూ ఒక్కణ్ణే. నాతో ఎప్పుడూ వస్తాననలేదే మీరు?" అన్నారు.

వోఫా నోరు తెరిచాడు. సెర్వా మూద్దామనుకుంది గానీ అందలేదు.

"ఇదిగో, వస్తున్నా" అన్నాడు.

"ఎన్నింటికి?" అన్నారు హాతోరి గారు, గడియారం చూసుకుంటూ.

వోఫా ఆ ముసలాయన్ని భుజంమీద చెయ్యేసి తీసుకుపోయాడు. నెజు బామ్మగారిని ఇంటికి చేర్చే పని మామూలుగానే సెర్వా మీద పడింది. కాళ్ళు లాగేస్తున్నాయి. బామ్మగారి అడుగులేమో చీమ అడుగులు. గుమ్మంలో చెప్పులు విప్పించి, లోపల కూర్చోబెట్టి, సెర్వా వంగి దణ్ణం పెట్టింది. చెప్పాల్సిన మర్యాద మాట ఆమెకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. నోరు తెరిచింది. వంగిన ఆ నడుం, తలుపుకేసే చూస్తున్న ఆ కళ్ళు కనబడ్డాయి. కుమాసీలో అమ్మ అరుగు మీద కూర్చునే తీరు గుర్తొచ్చింది.

"ఇదిగో, వస్తున్నా" అంది.

అన్నాక నాలిక్కరుచుకుంది. ఆలస్యమైపోయింది.

"ఓ, నువ్వు కూడానా! బిస్కట్లు తీపివి తెప్పించనా, కారానివా?" అంటూ బామ్మగారు అప్పుడే రెండో కప్పు వెతకడం మొదలుపెట్టింది.

సెర్వా తడి కళ్ళు తుడుచుకుంది. "కారానివే తెప్పించండి, బామ్మగారూ" అని, నొప్పి కాళ్ళీడ్చుకుంటూ, నవ్వుకుంటూ వీధిలోకి నడిచింది.