నడుమ పెట్టిన ఫోటో

మా ముత్తాత మూడు ఊర్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. తాత పోలీస్ పటేల్. నకిరేకల్ చుట్టుపక్కల ఏ తగవైనా కోటలాంటి మా గడిలోనే తెగేది. ఎల్లమ్మకు మొదటి బోనం మా ఇంటి నుంచే లేచేది. మాది కదలందే డప్పు మోగేది కాదు. గొప్పకు చెప్పడం లేదు. దాచడానికి కూడా నాకు కారణం లేదు.

సెప్టెంబరు పదిహేడు, నిజాం రాజ్యం పోయి ఇండియాలో కలిసిన రోజు. మా ఇంట్లో దానికి పేరు లేదు. మా బాపు, అంటే నాన్న, "ఆ దినం" అనేవాడు. పొద్దున్నే స్నానం చేసి తాత ఫోటోకు దండ వేసి, మధ్యాహ్నం దాకా మాట్లాడేవాడు కాదు. ఎందుకని అడిగితే, "నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్లకు మీ తాత జొన్నలు పంపిండు. ఊళ్లె ఎవ్వరు చెప్పుకోరు" అనేవాడు.

తెలంగాణ వచ్చాక ఆ రోజుకు పేర్ల మీద పేర్లు పుట్టాయి. ఒకరు విమోచనమన్నారు, ఒకరు విలీనమన్నారు. ఒక ప్రభుత్వం సమైక్యత అంది, తర్వాతిది ప్రజాపాలన అంది. మా పంచాయతీలో ఫ్లెక్సీ మాట వచ్చినప్పుడు సర్పంచ్ తల పట్టుకున్నాడు.

"విమోచనమంటే వాళ్లు రారు, విలీనమంటే వీళ్లు రారు. ఏం రాయియ్యాలె?"

"ఉత్త తారీఖు ఏయించు సర్పంచ్ సాబ్. తారీఖుతోటి ఎవ్వనికి పంచాది లేదు" అన్నాడు ఒక గౌడ పెద్దమనిషి. అందరూ నవ్వారు. ఫ్లెక్సీ మీద తారీఖే పడింది. కింద, ఊరి పెద్దలకు నివాళి అని.

పోరాటంలో ఉన్నవాళ్ల ఫోటోలు ఎవరింటివి వాళ్లు తేవాలన్నారు. తాత ఫోటో నేను తీసుకెళ్లాను. కోటు, తలపాగా, చేతిలో వెండి పొన్ను కర్ర. బల్ల మీద అప్పటికే నాలుగు ఫోటోలున్నాయి. ఎవరినీ అడగలేదు. వాటిని అటు రెండు ఇటు రెండు జరిపి తాతను నడుమ పెట్టాను. ఆలోచించి చేసిన పని కాదు. చేయి అలవాటుగా అక్కడికే పోయింది.

అప్పుడు వచ్చింది ఒక ముసలామె, ఉత్త చేతులతో. ఆమె తండ్రి మా ఇంట్లో పాలేరుగా జీతముండి, సంఘంలో కలిసినవాడు.

"మా నాయినను ఏడ పెడ్తరు?" అంది.

"ఫోటో తెచ్చినవా అవ్వా?" అన్నాడు సర్పంచ్.

"ఫోటో ఏడికెల్లి వస్తది బిడ్డా? మేం ఫోటోలు దిగినమా? నేను మా అమ్మ కడుపుల ఉన్ననాడే నిజాం ఫౌజోళ్లు కాల్చిండ్రు. ఎట్లుండెటోడో నాకే ఎరుక లేదు." నా వైపు తిరిగింది. "మీ తాత మంచిగనే దిగిండు పటేలా. ఫౌజు ఎంటవడ్తే మా నాయిన మొదలు మీ తలుపే కొట్టిండట. తియ్యలేదట."

అబద్ధమని అనాల్సింది. కానీ అబద్ధం కాదని నాకు తెలుసు. తాత భార్య, మా అవ్వ, ఆఖరి రోజుల్లో దవాఖానలో నాకు చెప్పింది: "జొన్నలు పంపింది నిజమే బిడ్డా. గని ఆ పొద్దు తలుపు తియ్యలే. నేను గొళ్లెం దాక పోయిన. మీ తాత చెయ్యి పట్టి ఆపిండు." అందులో మొదటి మాటనే నేను ఇన్నేళ్లుగా నలుగురికీ చెబుతూ వచ్చాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే నిలబడి జవాబు చెప్పేవాణ్ని. "పోనీలే అవ్వా, పాత ముచ్చట్లు" అన్నాడు సర్పంచ్. నేను తాత ఫోటో తీసి చంకన పెట్టుకున్నాను. ఖాళీ అయిన చోట ఎవరో దండ ఒక్కటే పెట్టారు. ఆమె వంగి, ముడుచుకున్న బంతిపూలను ఒక్కొక్కటే సరిచేస్తూ ఉండిపోయింది. జనగణమన మొదలైనా లేవలేదు.

వారానికి సర్పంచ్ మా ఇంటికి వచ్చాడు. చనిపోయినవాళ్ల పేర్లతో స్తూపం కట్టాలని, రోడ్డు పక్కన పంచాయతీకి జాగా లేదని చెప్పాడు.

"మా గడి ముందటిది తీసుకోండ్రి. ఊకెనే ఇస్త" అన్నాను.

సర్పంచ్ తల అడ్డంగా ఊపాడు. "దానమిస్తే రాయి మీద నీ పేరు గూడ చెక్కాలె పటేలా. ఆ ముసలామె ఒప్పుకోదు. అడిగే వచ్చిన. నువ్వు అమ్ము, మేం కొంటం."

మా ఇంటి దానాన్ని ఊరు వద్దన్నది అదే మొదటిసారి. లోపలికి వెళ్లి కాగితాలు తెచ్చాను.

గడి ముందరి ఐదు గుంటలు దసరాకు ముందే పంచాయతీకి అమ్మేశాను.