సగం బిళ్ళ

డాక్టరుతో బేరమాడి, ఆయనకు తెలియకుండానే గెలిచిన మనిషి ఈ దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆయన రాసిన మోతాదును సగానికి తెగ్గొట్టాను. గల్లీలో స్టీలు సామాన్లమ్మిన మా నాన్న కూడా అంత చవగ్గా ఏ బేరమూ కుదర్చలేదు. ఈ రోజు పొద్దున పరగడుపున థైరాయిడ్ బిళ్ళ మింగి, కాఫీకి ఇంకా వేళ కాలేదని కూర్చుని ఉంటే, ఎదురు ఫ్లాట్ వంటింట్లోంచి డికాషన్ వాసన వచ్చింది. ఆ వాసనకి నాకు ఎప్పుడూ ఒక్కరే గుర్తొస్తారు, సుశీలమ్మగారు.

ఆవిడది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో ఆవిడకి మ్యాచింగ్ సెంటర్ ఉండేది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సు, లంగాలు. గల్లా పెట్టె పైన గోడమీద ‘ఒకటే ధర’ అని రాయించుకున్నారు. చుట్టూ ఉన్న కొట్లన్నీ రెట్టింపు చెప్పి సగానికి దిగే కొట్లు. వాటి మధ్య ఆ రాత నాకు తిట్టులా కనిపించింది. మా ఇంట్లో అమ్మ రెండు రొట్టెలు తినమంటే నేను ఒకటి అని, చివరికి ఒకటిన్నరకు ఒప్పుకునేవాళ్ళం. అటువంటి ఇంటి పిల్లను కాబట్టి, ఒక జాకెట్టు గుడ్డ కోసం ఆవిడతో చాలాసేపు వాదించాను. ఆవిడ ఓపికగా అంతా విని, "ఇంత గొంతు ఊరికే ఖర్చు చేస్తున్నావే అమ్మాయ్, పనిలో చేరకూడదూ?" అన్నారు. ఎంతిస్తరు అని అడిగాను. "జీతం కూడా ఒకటే ధర," అన్నారు. మర్నాడే చేరాను.

ఆవిడ పొద్దున్నే ఇంట్లో థైరాయిడ్ బిళ్ళ వేసుకుని, కాఫీ ఫ్లాస్కులో పోసుకుని వచ్చేవారు. షట్టరు ఎత్తించి, దేవుడి పటానికి అగరొత్తి పెట్టి, అప్పుడు గానీ ఫ్లాస్కు మూత తీసేవారు కాదు. మూత తీయగానే కొట్టంతా డికాషన్ వాసన. ముందే తాగితే మందు సరిగ్గా ఒంటబట్టదని చెప్తే, నేనైతే బిళ్ళని కాఫీతోనే మింగి రెండు పనులూ ఒకేసారి కానిస్తానని నవ్వేదాన్ని. నాకూ అదే జబ్బు రాబోతోందని అప్పుడు తెలియదు. ఆవిడ నాకు నేర్పిన మొదటి పాఠం ట్యూబ్‌లైటును నమ్మొద్దని. ఎంత రద్దీ ఉన్నా సరే, చీరనీ గుడ్డనీ గుమ్మం బయటికి పట్టుకెళ్ళి, ఎండలో పక్కపక్కన పరిచి చూడాలి. నా కన్ను కుదిరిందని నమ్మకం కలిగాక, ఎల్బీనగర్‌లో రెండో కొట్టు తెరవబోతున్నానని, దాన్ని నా చేతికే ఇస్తానని చెప్పారు. ఆ కొట్టులో గల్లా ఎటు పెట్టాలో కూడా నేను మనసులో నిర్ణయించేసుకున్నాను.

ఆ ఏడాదే ఒళ్ళు బరువెక్కడం మొదలైంది. ఎండాకాలంలో చలి. ఎంత నిద్రపోయినా తీరని నిద్ర. గొంతు బొంగురుపోయి, కూరగాయల బండి దగ్గర కూడా చెప్పిన ధరకే కొనుక్కొచ్చే దశకు దిగజారాను. చైతన్యపురిలో ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ గ్రంథి మందగించిందని, అది తయారుచేయాల్సిన హార్మోనునే బిళ్ళగా రోజూ వేసుకోవాలని, బహుశా జీవితాంతం అని చెప్పి వంద మైక్రోగ్రాముల బిళ్ళ రాశారు. మా లెక్కలో వంద అని చెప్పారంటే యాభైకి తెగుతుందని అర్థం. రోజూ బ్లేడుతో సగం చేసి మింగాను. మళ్ళీ పరీక్ష చేస్తే ఫలితం బాగాలేదు. నేను చెప్పలేదు కాబట్టి, మందు చాలడం లేదనుకుని ఆయన మోతాదు పెంచారు. చూశావా, బేరం మొదలుపెట్టగానే రేటు పెంచాడు అనుకుని దాన్నీ సగం చేశాను.

అలాంటి రోజుల్లో హయత్‌నగర్ నుంచి ఒక పెళ్ళివారు నెమలికంఠం రంగు పట్టుచీర తెచ్చారు. గుమ్మం దాకా నడవడానికి ఓపిక చాలక, ట్యూబ్‌లైటు కిందే చూసి గుడ్డ కోసిచ్చేశాను. పెళ్ళి ముందురోజు పిల్ల తల్లి కుట్టిన జాకెట్టు తెచ్చి గల్లా మీద పరిచింది. "ఏందమ్మా గిది? చీరొకటి, జాకెటొకటి. పిల్లను పీటల మీద గిట్లనే కూసోబెట్టమంటవా?" సుశీలమ్మగారు సరైన గుడ్డ తీసి, టైలరు దగ్గరికి తానే వెళ్ళి కూర్చుని, సాయంత్రానికి కుట్టించి ఇచ్చారు. తిరిగొచ్చాక నన్ను తిట్టలేదు. బిళ్ళ వేసుకుంటున్నావా అని మాత్రం అడిగారు.

"ఏస్కుంటున్ననమ్మా. సగం."

"సగం ఎందుకు?"

"వంద చెప్పిండంటే యాభైకి దిగుతడనుకున్న."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నేను ధర ఎందుకు తగ్గించనో ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఆలోచించావటే?"

"పొగరనుకున్న."

"పెంచి చెప్పను గనక. మీ డాక్టరూ పెంచి చెప్పలేదు. నీ ఒంటికి ఎంత కావాలో అంతే రాశాడు. అందులో తగ్గించడానికి ఏముంది?"

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి ఆవిడే నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. సంగతి విన్న డాక్టరు చీటీ పక్కన పెట్టి, "అయితే నేను ఇన్నాళ్ళూ ఎవరికి వైద్యం చేస్తున్నట్టు?" అన్నారు. పెంచిన బిళ్ళ ఏ రోజైనా బుద్ధి తెచ్చుకుని నిండుగా వేసుకోవడం మొదలుపెట్టి ఉంటే గుండెదడతో వచ్చి ఉండేదాన్నని చెప్పి, మళ్ళీ మొదటి వందకే తెచ్చారు. రోజూ నిండు బిళ్ళ, ఆరేడు వారాలకు పరీక్ష. ఒళ్ళు ఒక్కసారిగా బాగుపడలేదు. ముందు చలి తగ్గింది, ఆ తర్వాత నిద్ర. గొంతు తిరిగొచ్చిందని మొదట కనిపెట్టింది కూరగాయల బండాయన. "మంచిగైనవా అక్కా? మళ్ల నాకు పరేషాన్ షురూ," అన్నాడు.

కానీ ఎల్బీనగర్ కొట్టు అప్పటిదాకా ఆగలేదు. నాతో పాటు పనిచేసే సునీతకు తాళాలు ఇస్తున్నానని సుశీలమ్మగారు ఆ పరీక్ష ఫలితం రాకముందే చెప్పారు. నాకు తెలిసిన విద్య ఒకటే కాబట్టి దాన్నే వాడాను. రెండు నెల్లు ఆగుండ్రి అన్నాను. కుదరదంటే ఒక్క నెల అన్నాను.

"నీకే ఇవ్వాలనుకున్నానమ్మా. ఇవాళ నువ్వు గుమ్మం దాకా నడవలేకపోతున్నావు. జాలిపడి ఇస్తే అది కొట్టు కాదు, డిస్కౌంటు."

నేను ఆ వారమంతా ఆవిడతో మాట్లాడలేదు. కొన్నాళ్ళకు ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ కొట్టు మూసేసి చెల్లెలి దగ్గరికి తెనాలి వెళ్ళిపోయారు. పోయిన వానాకాలంలో చనిపోయారు. అంతవరకూ ఫోన్లో పలకరించినప్పుడల్లా మొదట అడిగేది నా పరీక్ష ఫలితమే. నేను అంకె చెప్పగానే, సరే, ఇప్పుడు కబుర్లు చెప్పు అనేవారు. ఆవిడతో అబద్ధం చెప్పలేక మొదలైన అలవాటు, ఇప్పుడు ఏ డాక్టరు ముందు కూర్చున్నా నాకు ఉంది. మందు మానేసిన రోజుంటే మానేశానని చెప్తాను.

ఎల్బీనగర్ కొట్టు ఇప్పుడు సునీత సొంతం. నేను అక్కడ జీతానికి పనిచేస్తాను. సునీత మంచిది, ఛాయ తేడా వస్తే నన్నే పిలుస్తుంది. నేను ఆ చీర పట్టుకుని మెట్రో స్తంభాల నీడ దాటి ఎండ పడే చోటు దాకా నడుస్తాను, ఆయాసపడకుండా. సగం బిళ్ళల వల్ల మిగిలింది కొన్ని చాయ్‌ల డబ్బు. పోయింది ఒక ఏడాది, ఒక కొట్టు. ఆ నష్టం సుశీలమ్మగారిది కాదు, డాక్టరుది కాదు, నాది. నిండు బిళ్ళ వల్ల ఒళ్ళు దక్కింది, అది ఆవిడ పుణ్యం. ఒళ్ళు దక్కింది కదా అని పోయినదాన్ని మర్చిపోవాలని చాలాసార్లు చూశాను. అవి ఒకదానికొకటి చెల్లు కావు.