పాస్‌వర్డ్‌కు షిఫ్టులు

ముందే చెబుతున్నాను, నేను చెప్పే చీమ కూడా ఏనుగంత ఉంటుంది. సగం తగ్గించుకుని చదవండి.

తెలంగాణ రాకముందు సెంటినరీ కాలనీ దగ్గర ఒక కాలేజీ ల్యాబులో గుమస్తాగా ఉండేవాణ్ని. బొగ్గు గనుల్లో దొరికే రాళ్ల మీద కోట్ల ఏళ్ల నాటి ఆకుల ముద్రలుంటాయి. వాటిని స్కాన్ చేసి, దేశంలోని పరిశోధకులంతా చూసే వెబ్‌సైటులో పెట్టేవాళ్లం. ఎవరు ముందు ఎక్కిస్తే ఆ ఆకు వాళ్ల పేరున ఉంటుంది. మాకిచ్చిందేమో ఒకటే పాస్‌వర్డ్, దాంతో ఒకసారికి ఒక్కరే లోపలికి పోగలరు. దానికోసం మా లెక్చరర్లు డేవిడ్ సార్, సమ్మయ్య సార్ రోజూ కొట్లాడుతుంటే, గనిలోలాగే షిఫ్టులు వేశాను: పొద్దున సమ్మయ్య సార్, మధ్యాహ్నం డేవిడ్ సార్.

ఒకరోజు కొత్త ఆకు ముద్ర ఉన్న రాయి వచ్చింది. షిఫ్టు అయిపోయినా సమ్మయ్య సార్ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

"లెవ్వు సమ్మన్నా, గిప్పుడు నా డ్యూటీ."

"ఓవర్‌టైం చేస్తున్న తమ్మి. ఫికర్ చెయ్యకు, రేపు రా."

డేవిడ్ సార్ ఆయన్ను కుర్చీతో సహా బోర్లా పడేశాడు. ఆయన లేచి కీబోర్డును ఈయన వీపు మీద విరగ్గొట్టాడు. అద్దాల బీరువా భళ్లున పగిలింది. చివరికి ఆ ఆకు రాయే గాల్లోకి లేచి, విడదీయబోయిన నా నుదుటికి తగిలింది. రక్తం గోదావరిలా పారింది.

దవాఖానలో నాలుగు కుట్లు పడ్డాయి. ఇద్దరూ యాపిల్ పళ్లు తెచ్చి, నా మంచం పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు.

దెబ్బ నిజం, కుట్లు నిజం. ఆ యాపిల్ పళ్లు, ఏడుపు మాత్రం నేను కల్పించినవి. రుమాలు అదిమిపట్టి ఆటోలో ఒక్కణ్నే పోయాను. "తల పగిలింది సార్" అంటే ఇద్దరూ ఒకే మాటన్నారు:

"నువ్వు జల్ది పో తమ్మి. నేనొస్తే ఈయన కుర్చీల కూసుంటడు."