నేను తెంపనివ్వని మొలతాడు

మా ఆయన తాగి తాగి పోయాడని మా ఊళ్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారండి. ఇది వాళ్ల కోసం. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నా మాటని మెత్తన చెయ్యొద్దని ముందే చెప్పేను.

మా ఆయనది కొబ్బరి దింపు పని. రాజోలు చుట్టుపక్కల ఏ తోటలో కాయ దింపాలన్నా ముందు ఆయన్నే పిలిచేవారు. కాళ్లకి తాడు వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని ఎక్కేడంటే మనం గ్లాసుడు నీళ్లు తాగేలోపు చెట్టు తలలో ఉండేవాడు. కత్తి వెనకవైపుతో కాయ మీద ఒక్కటి కొట్టి, చప్పుడు బట్టి ముదురో లేతో చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు తాగేడు, లేదనను. వాడపల్లి గుడిలో ఏడు శనివారాలు ప్రదక్షిణాలు చేసి మానేసేడు. మానేసి పదిహేనేళ్లు. మానేసిన సంగతి ఊరికి గుర్తు లేదు, తాగిన సంగతి మాత్రం గుర్తుంది.

ఒకరోజు ఆసామి గారి తోటలో దింపిన చెట్టే మళ్లీ ఎక్కేడు. కాయలు లేవని చూసి దిగేడు. దిగి, మళ్లీ అదే చెట్టు. తరవాత పక్కచెట్టు ఎక్కి లేత గెల నరికి కింద పడేసేడు. నేను కాయలు పోగేస్తున్నాను. ఆసామి గారు నలుగురూ వినేలా అడిగేరు.

“ఏరా, పొద్దున్నే పడిందా?”

“లేదండి.”

“ఏదీ, ఊదు.”

అరవై దాటిన మనిషి, ఆయన మొహం దగ్గరకి వెళ్లి ఊదేడు. వాసన లేదు. “వాసన రాని సరుకేదో దొరికిందిరా వీడికి” అన్నారు. అందరూ నవ్వేరు. నవ్విన మొహాలు ఒక్కొక్కటీ నాకు గుర్తే.

నేను చేసింది కూడా చెబుతాను, దాచను. ఇంటికొచ్చి నేనూ వాసన చూసేను. చూరులో, కత్తుల సంచిలో, గడ్డిమేటు వెనక సీసా కోసం వెతికేను. దొరకలేదు. దొరకనందుకూ ఆయన్నే తిట్టేను, ఎక్కడ దాచేవని.

మా అమ్మాయి పోరు పడలేక అమలాపురంలో నరాల డాక్టరు గారికి చూపించేను. ఆయన బీపీ చూసి మొహం చిట్లించేరు. ఇవాళ ఏ వారమని అడిగేరు. మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమన్నారు. ఒక్కటీ రాలేదు.

“మతిమరుపు మెల్లగా పెరుగుతోందా అమ్మా?”

“లేదండి. కొన్నాళ్లు బాగానే ఉంటాడు. ఒకరోజు మెట్టు దిగినట్టు దిగిపోతాడు. మళ్లీ పైకి రాడు.”

“అయితే తల స్కానింగ్ తీయాలి. మెదడులో సన్నని రక్తనాళాలు మూసుకుపోతే ఇలాగే ఉంటుంది. తీయించి, ఫిల్ము పట్టుకుని వెంటనే రండి, మందులు రాస్తాను” అన్నారు.

ఆయ్ అని వెళ్లేం. స్కానింగ్ దగ్గర ఉన్నాయన కూర్చునే, తల ఎత్తకుండానే చెప్పేడు. లోపలున్నది పెద్ద అయస్కాంతం, ఒంటి మీద ఇనుమూ వెండీ ఏదీ ఉండకూడదని. ఉంగరం తీసేం. మొలతాడు వచ్చింది కాదు. వెండిది, రాగి తాయెత్తుతో. కొక్కెం ఎప్పుడో విరిగితే తీగ చుట్టి బిగించేసుకున్నాడు. ఆ స్కానింగ్ ఆయన కటింగు ప్లేయరు తీసుకుని వచ్చేడు.

“తెంపేస్తే పోలా. దీనికింత గొడవేంటి?”

మగాడి మొలతాడు తెంపేది ఒక్కసారేనండి, పాడె ఎక్కించేక. మా ఆయన రెండు చేతులతో నడుం పట్టుకుని గోడకి నక్కేడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“మీ ఇంట్లో మగాళ్లవి తెంపుకో, పో.”

“చదువులేని వాళ్లతో ఇదే చావు. వెనకాల జనం ఉన్నారు, తప్పుకోండి.”

తప్పుకున్నాం. డాక్టరు గారి చీటీ గుమ్మంలోనే చింపి పారేసి బస్సెక్కేను. దారంతా వాణ్ణి తిడుతూనే ఉన్నాను. పక్కన కూర్చున్నావిడ కూడా నేను చేసింది మంచి పనే అంది. ఆ రోజు నేను గెలిచేననుకున్నాను.

మళ్లీ వెళ్లలేదు. ఎనిమిది నెలలు. మందు లేదు, బీపీ చూసిన నాథుడు లేడు. తాగుబోతు పైనించి పడి చస్తే ఎవరికి చుట్టుకుంటుందని దింపుకి పిలవడం కూడా మానేసేరు.

ఒక పొద్దున్న కాఫీ ఇవ్వబోతే మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. కుడికాలు ఈడుస్తున్నాడు. నా వంక చూసి, ఎంతో మర్యాదగా, “ఏవండీ, మా ఆవిడ ఎక్కడికెళ్లిందండీ?” అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో నన్ను ఎప్పుడూ అండీ అనలేదు.

ఆటో వచ్చేలోపు కొట్టుకి పరిగెత్తి నల్లతాడు తెచ్చేను. నడుముకి కట్టి మూడు ముళ్లు వేసేను. ఆ తరవాత వెండిది నేనే కత్తిరించేను. ఆయన గింజుకోలేదు. కొత్తది కట్టేక పాతది తీస్తే ఏ దోషమూ లేదు. పిల్లల మొలతాడు పాతబడితే మా అత్తగారు అలాగే మార్చేది. నా పిల్లలకి నేనూ ఎన్నోసార్లు మార్చేను. నాకు రాని పనా అండి ఇది? మొదటిసారి స్కానింగ్‌కి వెళ్లిన రోజు కూడా పదడుగుల దూరంలో కొట్టుంది. తెంపేస్తే పోలా అన్న మాట చెవిలో పడ్డాక నాకింకేమీ తోచలేదు. వాణ్ణి ఓడించడమే కావాలి నాకు.

ఈసారి స్కానింగ్ తీసేరు. డాక్టరు గారు ఫిల్ముని వెలుగులో పెట్టి చూపించేరు.

“ఈ చిన్న మచ్చలు పాతవమ్మా. ఎప్పుడెప్పుడో మూసుకుపోయిన నాళాలు. దింపిన చెట్టే మళ్లీ ఎక్కేడన్నారే, అది వీటి వల్లే. ఈ పెద్దది కొత్తది, ఈ వారంలోదే.”

“తాగుడు వల్లా అండి?”

“తాగుడు ఎక్కడిదమ్మా, బీపీ వల్ల.”

“అప్పుడే తీయించి ఉంటే?”

“పాతవి ఎలాగూ పోవు. మందులు వాడి ఉంటే ఈ పెద్దది ఆగేదేమో.”

ఆ ఏమోని ఆయన అక్కడే వదిలేసేరు. నేను ఇంటికి తెచ్చుకున్నాను.

తరవాత ఏడాదిన్నర బతికేడు. అన్నం నేనే తినిపించేదాన్ని, తిన్నాక చాలండీ అనేవాడు. పోయినప్పుడు నేను కట్టిన నల్లతాడే తెంపేరు.

పెద్దకర్మ రోజు ఆసామి గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. “పనోడేనమ్మా, ఆ మందే లేకపోతే ఇంకో పదేళ్లు ఉండేవాడు” అన్నారు, ఓదార్పుగా. నేను లోపలికెళ్లి ఫిల్ము తెచ్చి ఆయన చేతిలో పెట్టేను.

“ఇది మా ఆయన తలకాయండి. ఇందులో సారా ఎక్కడుందో చూపించండి.”

ఎండకేసి పట్టుకుని చూసేరు. తలకిందులుగా పట్టుకున్నారు. నేను సరిచెయ్యలేదు.

“ఇదంతా నాకేం తెలుస్తుందమ్మా.”

“తెలియనోరు ఊదమని ఎందుకన్నారండి?”

అప్పుడే భోజనాలకి ఆకులు వేస్తున్నారు. ఆయన ఫిల్ము కుర్చీలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయేరు. తినకుండా వెళ్లేరని మా వాళ్లు నన్నే కసిరేరు. కసరనీ.

నా పగ తీరిందనుకుంటారు వినేవాళ్లు. ఫిల్ము ఇప్పటికీ ట్రంకుపెట్టెలోనే ఉంది, పక్కనే ఆ వెండి మొలతాడు. అప్పుడప్పుడు తీసి కిటికీకి ఆనించి చూస్తాను. నాకు అక్షరాలు రావు కానీ మచ్చలు వచ్చు. ఆ చిన్నవి ఎవరివో దేవుడికే తెలియాలి. ఆ పెద్దది ఎవరిదో నాకు తెలుసు. దాన్ని ఏ ఆసామికీ చూపించలేను.